జాలీ పనికి స్క్రోల్ సా: మిషన్ కంటే ముందు బ్లేడు బిగించే చోటు చూడండి

జాలీ డిజైన్లు, అంటే చెక్కలో సందులు సందులుగా వచ్చే అల్లిక పని, కోయడానికి స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ కోసే రంపం మిషన్) కొందామనుకునేవాళ్ళు మోటారు ఎన్ని వాట్లు, బల్ల ఎంత పెద్దది, లైటు ఉందా లేదా అని చూస్తుంటారు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చండి. మొదట చూడాల్సింది మిషన్ బ్లేడును పైనా కిందా ఎలా పట్టుకుంటుందన్నది. కొసల్లో అడ్డంగా చిన్న పుల్ల, అంటే పిన్ను, ఉన్న బ్లేడు మాత్రమే పట్టే మిషన్ అయితే ధర ఎంత తక్కువైనా జాలీ పనికి వద్దు. నేను అమలాపురం దగ్గర ఉంటాను, పూజా మందిరాల తలుపులు, గుమ్మాల పైన వెలుతురు కోసం పెట్టే జాలీలు, గోడకి తగిలించే దేవుడి బొమ్మలు కోస్తుంటాను. వాడుతున్నది ఆన్‌లైన్‌లో పదహారు వేల దగ్గర పడిన 16 అంగుళాల మిషన్, స్పీడు పెంచుకోవచ్చు తగ్గించుకోవచ్చు, పిన్ను లేని బ్లేడ్లు కూడా పడతాయి. కంపెనీ పేరు రాయడం లేదు, చూడ్డానికి అచ్చు ఇలాగే ఉండే మిషన్లు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు కంటే ఏ భాగం ఎలా ఉందో చెబితేనే మీకు ఉపయోగం.

మన వైపు హార్డ్‌వేర్ షాపుకెళ్ళి స్క్రోల్ సా కావాలంటే జిగ్‌సా తీసి చేతిలో పెడతారు. "ఇదేనండీ, ఎన్ని వంకరలైనా కోసేస్తది" అంటారు. రెండూ ఒకటి కాదు. జిగ్‌సాలో బ్లేడుకి పై కొస మాత్రమే బిగించి ఉంటుంది, కింది కొస గాలిలో ఆడుతుంది, అందుకే ఆ బ్లేడు మందంగా, వెడల్పుగా ఉండి తీరాలి. స్క్రోల్ సాలో రెండు కొసలూ బిగించి లాగి పట్టి ఉంచుతారు కాబట్టి అర మిల్లీమీటరు వెడల్పు బ్లేడు కూడా వంగకుండా కోస్తుంది. మిషన్ కదలదు, చెక్కనే రెండు చేతులతో తిప్పుకుంటూ పోవాలి. గుమ్మానికి పెద్ద వంపు కోయాలంటే జిగ్‌సా చాలు. తీగల డిజైన్‌లో ఆకు మొన కోయాలంటే అది ఎప్పటికీ చాలదు.

"సీఎన్‌సీ వాళ్ళు గంటలో కోసిస్తున్నారు కదా, ఇంకా ఇదెందుకు" అని మా మేస్త్రిగారు కూడా అడిగారు. సీఎన్‌సీ అంటే కంప్యూటరు నడిపే కోత మిషన్. ఒకే డిజైను ఇరవై తలుపులకి కావాలంటే సీఎన్‌సీకే వెళ్ళండి, అందులో తప్పేం లేదు. కానీ సీఎన్‌సీలో కోసేది గుండ్రంగా తిరిగే బిట్టు. 3 మి.మీ. బిట్టు వాడితే లోపలి మూల ప్రతిదీ ఒకటిన్నర మి.మీ. వ్యాసార్థంతో గుండ్రంగానే మిగులుతుంది, తామర రేకుల మధ్య సందులు మొద్దుగా వస్తాయి. ఆ మూలల్ని మళ్ళీ ఉలితో సరిచేసుకోవాల్సిందే. లేజరైతే మూల పదునుగానే వస్తుంది గానీ అంచంతా నల్లగా కాలిపోతుంది, టేకుకి పాలిష్ పెట్టేటప్పుడు ఆ నలుపు పోగొట్టడం పెద్ద పని, మందం పెరిగితే ఇంకా కష్టం. స్క్రోల్ సాలో మంచి బ్లేడుతో కోసిన అంచుని ఉప్పుకాగితంతో రుద్దే పని కూడా చాలాచోట్ల ఉండదు. పేరూరు లాంటి ఊళ్ళలో పాత పెంకుటిళ్ళు చూసినవాళ్ళకి తెలుసు, చెక్కపని అందమంతా ఆ మూలల్లోనే ఉంటుంది. ఒకటీ అరా కోసేవాళ్ళకి, ఇంటికి తగ్గట్టు డిజైను మార్చుకునేవాళ్ళకి ఈ మిషన్‌కి సాటి లేదని నా గట్టి నమ్మకం.

ఇక పిన్ను సంగతి. పిన్ను బ్లేడుకి రెండు కొసల్లోనూ అడ్డంగా ఓ చిన్న ఇనుప పుల్ల ఉంటుంది, దాన్ని కొక్కెంలో తగిలిస్తే చాలు, అలెన్ కీ (స్క్రూ తిప్పే ఆరు పలకల కడ్డీ) అక్కర్లేదు, సెకన్లలో పని. కొత్తవాళ్ళకి ఇది నచ్చుతుంది, అమ్మేవాళ్ళు కూడా ఇదే గొప్పగా చెబుతారు. కానీ జాలీ అంటే లోపల కోసే పని కదండీ. ప్రతి సందుకీ ముందు ఒక కన్నం వేసి, బ్లేడు ఒక కొస విప్పి, ఆ కన్నంలోంచి దూర్చి, మళ్ళీ బిగించాలి. పిన్ను దూరాలంటే కన్నం దాదాపు 5 మి.మీ. ఉండాలి. వినాయకుడి కన్ను మొత్తం కలిపి మూడు మి.మీ. ఉండదు, అందులో 5 మి.మీ. కన్నం ఎక్కడ వేస్తారు? పిన్ను లేని 2/0 నంబరు బ్లేడైతే (1 నంబరు కంటే సన్నటిది) 1 మి.మీ. డ్రిల్లు కన్నంలోంచి హాయిగా దూరిపోతుంది. పైగా సన్నటి బ్లేడ్లకి పిన్ను పెట్టడం కుదరదు కాబట్టి పిన్ను రకంలో దొరికేవన్నీ కాస్త లావు బ్లేడ్లే. ఏ రకంగా చూసినా జాలీకి పిన్ను లేనిదే.

అయితే పిన్ను లేని బ్లేడు పట్టే క్లాంపులన్నీ ఒకలా ఉండవు. నా మిషన్‌తో వచ్చినవి రెండు చిన్న ఇనుప దిమ్మలు, ఒక్కోదానికీ అలెన్ కీ స్క్రూ. బ్లేడు ఎక్కించాలంటే పైది కీతో విప్పి, దూర్చి, కీతో బిగించి, బ్లేడుని లాగి పట్టడానికి వెనకాల టెన్షన్ నాబ్ తిప్పాలి. బొమ్మలో ఒకటీ రెండు సందులుంటే పర్లేదు. మందిరం తలుపు జాలీలో వందకి పైగా సందులుంటాయి, కోత కంటే ఈ విప్పడం బిగించడానికే ఎక్కువ టైము పోతుంది. అందుకే ఆ పై స్క్రూ తీసేసి, అదే మర సైజులో రెక్కల తలకాయ ఉన్న స్క్రూ వేయించాను, ఇప్పుడు వేళ్ళతోనే తిప్పేస్తున్నాను. ఆ స్క్రూ కొస గుండ్రంగా ఉంటే బ్లేడుని ఒక్క చుక్క దగ్గరే నొక్కుతుంది, జారిపోతుంది. కొసని ఆకురాయితో చదునుగా రుద్దితే బ్లేడు మీద పరుచుకుని పట్టుకుంటుంది. కొనేముందు వీడియోలో అయినా ఈ భాగాన్ని దగ్గరగా చూడండి. వేళ్ళతో తిప్పే స్క్రూ ముందే ఉండి, టెన్షన్ లీవరు ముందు వైపు చేతికందేలా ఉన్న మిషన్ దొరికితే ఇంకో మూడు నాలుగు వేలు ఎక్కువైనా అదే తీసుకోండి.

మిషన్‌లో బ్లేడు పై కొసని పట్టుకునే చెయ్యి పైకి లేచే రకమా కాదా అన్నది కూడా చూసుకోండి. లేచే రకమైతే బ్లేడు కింద బిగించి ఉండగానే చెక్కని పైనుంచి బ్లేడు మీదకి దించేయొచ్చు. లేవని రకంలో బ్లేడు పై కొసని చెక్క కింద నుంచి తడుముకుంటూ కన్నంలోకి దూర్చాలి, కన్నం చిన్నదయ్యేకొద్దీ ఓపిక పోతుంది. నాది పూర్తిగా లేవదు, స్ప్రింగు వల్ల కాస్త పైకి వెళ్ళి ఆగుతుంది. ఈ ఒక్క విషయంలో నాకు అసంతృప్తి ఉంది.

16 అంగుళాలు అంటే బ్లేడు నుంచి వెనకాల చెయ్యి మొదలయ్యే చోటుకి ఉన్న దూరం. చెక్కని చుట్టూ తిప్పుకోగలిగితే 32 అంగుళాల వెడల్పు పలక మధ్యదాకా బ్లేడు చేరుతుంది కాబట్టి మామూలు మందిరాలకి ఇది సరిపోతుంది. గుమ్మం పైన పెట్టే మూడున్నర నాలుగు అడుగుల జాలీ ఒకే ముక్కగా కోయాలంటే చాలదు, రెండు ముక్కలుగా కోసి మధ్యలో పట్టీ వేస్తాను. బ్లేడు పైకీ కిందకీ ఆడే దూరం ముప్పావు అంగుళం. స్పీడు, అంటే బ్లేడు ఆడేది, నిమిషానికి 400 నుంచి 1600 సార్ల దాకా అని రాసి ఉంది. తగ్గించుకునే వీలు లేని మిషన్ వద్దే వద్దు. టేకు, యాక్రిలిక్ ఎక్కువ స్పీడులో కోస్తే ఒకటి మాడుతుంది, ఇంకోటి కరిగి బ్లేడు వెనకాలే మళ్ళీ అతుక్కుపోతుంది.

పెద్ద పేర్లున్న మిషన్ల గురించి అడుగుతారని ఒక మాట. జర్మనీ హెగ్నర్, మొత్తం తల భాగమే వంగి బల్ల మాత్రం సమంగా ఉండే ఎక్స్‌కాలిబర్, 20 అంగుళాల డివాల్ట్ 788, ఇవి ఈ పని చేసేవాళ్ళు ప్రపంచమంతా మెచ్చుకునేవి. డివాల్ట్‌లో చెయ్యి మొత్తం ఊగకుండా లోపల చిన్న లింకులు ఊగుతాయి కాబట్టి అదురు తక్కువ, టెన్షన్ లీవరూ స్పీడూ స్విచ్చూ అన్నీ ముందే ఉంటాయి. కానీ అది అమెరికాలో అమ్మే 120 వోల్టుల మిషన్. మన 230 వోల్టులకి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి, రవాణా, సుంకం, పాడైతే విడిభాగం ఎక్కడినుంచి తెస్తామన్న బెంగ, ఇవన్నీ కలిపితే వృత్తిగా రోజంతా చేసేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు అటు చూడక్కర్లేదు. అమెరికాలో ఉన్న అబ్బాయి వచ్చేటప్పుడు తెస్తాడులే అనుకునేవాళ్ళు దాని బరువు పాతిక కిలోలని గుర్తుంచుకోండి.

అదురు గురించి అందరూ మిషన్‌ని తిడతారు గానీ సగం తప్పు కింద ఉన్న బల్లది. ప్లాస్టిక్ టేబుల్ మీద, పల్చటి ఇనుప స్టాండు మీద పెడితే హెగ్నర్ అయినా అదురుతుంది. నేను పాత ఇంటి తుమ్మ దూలం ముక్కలతో కాళ్ళు చేయించి, పైన రెండంగుళాల వేప పలక వేసి, మధ్యలో రబ్బరు షీటు పెట్టి బోల్టులతో బిగించాను. ఇప్పుడు వెయ్యి స్పీడులో బల్ల మీద పెట్టిన పెన్సిల్ కదలదు, 1300 దాటాకే కాస్త జలదరింపు మొదలవుతుంది, నాకు ఆ స్పీడు అవసరమే రాదు. వెనక కాళ్ళ కింద అంగుళంన్నర చెక్క పెట్టి మిషన్‌ని ముందుకి వాల్చి చూడండి, మెడ వంచి చూసే బాధ చాలా తగ్గుతుంది.

బ్లేడు మిషన్ బల్లకి నిలువుగా ఉందో లేదో మిషన్ మీదున్న డిగ్రీల గుర్తుల్ని నమ్మకండి. రెండంగుళాల మందం చెక్క ముక్కలో ముందు నుంచి కొద్దిగా గాటు కోసి, మిషన్ ఆపి, ఆ ముక్కని తిప్పి బ్లేడు వెనక వైపు నుంచి అదే గాటులోకి జరపండి. బ్లేడు తగలకుండా గాటులోకి జారిందంటే బల్ల సరిగ్గా ఉన్నట్టు. పైనా కిందా ఎక్కడైనా పట్టేసిందంటే బల్ల వాలి ఉన్నట్టు. నా మిషన్‌లో సున్నా గుర్తు దగ్గర పెడితే బల్ల స్పష్టంగా ఎడమకి వాలి ఉంది. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "అది కంపెనీ సెట్టింగండీ" అని పెట్టేశారు. పొట్టు ఊదే గొట్టం కూడా మొదటి నెలలోనే ఊడిపోయింది, అడిగితే విడిగా అమ్మం అన్నారు, చివరికి చేపల తొట్టెకి వాడే సన్న గొట్టం తగిలించాను, కంపెనీ ఇచ్చిన దానికంటే అదే బాగా పనిచేస్తోంది. మోటారు విషయంలో మాత్రం వంక పెట్టలేను, ఎండాకాలం మధ్యాహ్నాలు రేకుల షెడ్డులో గంటల తరబడి తిరిగినా వేడెక్కి ఆగిపోలేదు.

అసలు ఫలితం ఉండేది బ్లేడులో. మిషన్‌తో పాటు కవర్లో వచ్చే బ్లేడ్లతో కోసి "ఇదేం మిషన్ రా" అని మూలన పడేసినవాళ్ళు నాకు తెలిసే ఉన్నారు. ఆ మిషన్లకే మంచి బ్లేడు వేసి ఇస్తే నమ్మలేకపోయారు. స్క్రోల్ సా బ్లేడు మామూలు పొడవు 5 అంగుళాలు, డజను లెక్కన కట్టగట్టి అమ్ముతారు. నంబరు పెరిగేకొద్దీ లావు. 2/0 వెడల్పు అర మి.మీ. కంటే కొంచెం ఎక్కువ, మందం పావు మి.మీ. 5 నంబరు వెడల్పు దాదాపు 1 మి.మీ., మందం 0.4 మి.మీ. 9 నంబరు వెడల్పు 1.3 మి.మీ. పైన. కంపెనీని బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది. నా దగ్గర ఎప్పుడూ ఉండేవి 1, 3, 5 నంబర్లు. 6 మి.మీ. ప్లైలో సన్నటి పనికి 1, పావు నుంచి అర అంగుళం టేకుకి 3, ముప్పావు అంగుళం పనస, వేప చెక్కకి 5. ఒకటే కొనగలమంటే 3 కొనండి. 2/0ని దేవతల ముఖాలు, అక్షరాల లోపలి సందుల్లాంటి చోట్లకే వాడతాను. అది చెయ్యి తిరిగినవాళ్ళకి గానీ నిలవదు, కాస్త నెడితే టప్పున తెగుతుంది.

పళ్ళ అమరికలో తేడా నంబరు తేడా కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఒక పన్ను వదిలి ఒక పన్ను ఉండే స్కిప్ టూత్ రకంలో పొట్టు బయటికి పోవడానికి చోటుంటుంది కాబట్టి బ్లేడు వేడెక్కదు, చెక్క మాడదు. ప్లైకి మాత్రం రివర్స్ టూత్ తీసుకోండి. దీంట్లో కింద కొన్ని పళ్ళు పైకి చూస్తూ ఉంటాయి, బ్లేడు పైకి లేచేటప్పుడు అవి అడుగు పొరని పైకి కోస్తాయి, అందుకని కింద పెచ్చులు లేవవు. ఇది పనిచేయాలంటే బ్లేడు పూర్తిగా పైకి వెళ్ళినప్పుడు ఆ తిరగేసిన పళ్ళు రెండు మూడు బల్ల పైకి కనపడాలి. కనపడకపోతే బ్లేడుని కాస్త పైకి జరిపి బిగించండి, అవసరమైతే పై కొసని కాస్త తుంచండి. రివర్స్ టూత్ వేసినా పెచ్చులు లేస్తున్నాయని చెప్పేవాళ్ళు ముందు ఇది చూసుకోండి. క్రౌన్ టూత్ అనే రకం పైకీ కిందకీ రెండు వైపులా కోస్తుంది, తలకిందులుగా బిగించినా ఫర్వాలేదు, అంచు నున్నగా వస్తుంది గానీ నెమ్మది.

స్పైరల్ బ్లేడు గురించి వేరే చెప్పాలి, చాలామంది దాని మీద మోజు పడతారు. బ్లేడుని మెలి తిప్పి చేసింది కాబట్టి అన్ని వైపులా కోస్తుంది, చెక్కని తిప్పక్కర్లేదు, ఎటు జరిపితే అటు పోతుంది. మిషన్ చెయ్యికి తగిలి తిరగని పొడవాటి పలకకి ఇది నిజంగా దిక్కు. కానీ కోత వెడల్పుగా వస్తుంది, అంచు గరుగ్గా ఉంటుంది, నేరుగా గీత కోయడం చాలా కష్టం. ఫొటో చూసి కోసే ముఖచిత్రాలకి వాడుకోండి, మందిరం జాలీకి వద్దు. కొంటే కొసలు చదునుగా ఉన్నవే కొనండి, లేకపోతే క్లాంపులో నిలవవు.

కంపెనీల్లో స్విట్జర్లాండ్ పెగాస్, అమెరికా ఓల్సన్ నేను వాడినవి, రెండూ మంచివే. సన్న పనికి నా ఓటు పెగాస్‌కి. మామూలు బ్లేడు పళ్ళు చేసేటప్పుడు ఒక పక్క, ఎక్కువగా కుడి పక్క, కంటికి కనపడనంత సన్నటి గరుకు అంచు మిగిలిపోతుంది. వేలితో తాకితే ఎడమ పక్క నున్నగా, కుడి పక్క గీరుకున్నట్టు తెలుస్తుంది. ఆ పక్క ఎక్కువ కోస్తుంది కాబట్టి కోత కుడికి లాగేస్తుంది, నేరుగా నెట్టినా గీత తప్పుతుంది. చెక్కని కాస్త ఏటవాలుగా పట్టి నెట్టడం అలవాటు చేసుకోవాలి, ఇది బ్లేడు లోపం కాదు, మీ చేతి లోపం అంతకన్నా కాదు. రాయితో సానపట్టి చేసిన బ్లేడ్లలో ఈ లాగుడు తక్కువ, కానీ అవి చాలా పదును, కొత్తవాళ్ళ చేతిలో గీత దాటి పరిగెడతాయి.

తణుకు, నరసాపురం, రాజమండ్రిలో బంగారం పనివాళ్ళ సామాన్లు అమ్మే షాపుల్లో కూడా ఇదే పొడవు, ఇవే నంబర్లున్న బ్లేడ్లు దొరుకుతాయి, ధర కూడా తక్కువ. అవి లోహం కోసేవి. పళ్ళు మరీ దగ్గరగా ఉంటాయి, చెక్కలో పెడితే పొట్టు పళ్ళ మధ్య ఇరుక్కుని కాసేపట్లో కోత ఆగిపోయి పొగ వస్తుంది. ఇత్తడి రేకు కోసి చెక్కలో పొదిగేవాళ్ళకి మాత్రం అవే సరైనవి, ఇత్తడికి స్పీడు బాగా తగ్గించి, బ్లేడుకి కాస్త మైనం రాయండి.

టేకు కోసేవాళ్ళు బ్లేడ్ల ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. టేకు చెక్కలో సహజంగానే సిలికా ఉంటుంది, అది బ్లేడు పదునుని తినేస్తుంది. పనసలో గంట వచ్చే బ్లేడు టేకులో అరగంటకే మొద్దుబారుతుంది. ప్లైలో జిగురు పొరలు కూడా అంతే. బ్లేడు మొద్దుబారిందని ఎలా తెలుస్తుందంటే, మీకు తెలియకుండానే నెట్టడం మొదలుపెడతారు. నెట్టాల్సి వస్తోందంటే మార్చేయండి. డజను ఆరేడు వందలంటే ఒక్కోటి యాభై అరవై రూపాయల మధ్య, నాలుగు వేల రూపాయల టేకు పలక మీద అరవై రూపాయల దగ్గర పొదుపు చేయకండి. డిజైను కాగితం అంటించాక దాని మీద పార్సిల్ చుట్టే పారదర్శక టేపు ఒక వరుస వేయండి, టేపు బ్లేడుని కాస్త జారేలా చేసి మాడటం బాగా తగ్గిస్తుంది.

టెన్షన్ విషయానికొస్తే, బ్లేడుని పక్కనుంచి గోటితో మీటితే టింగుమని స్పష్టంగా మోగాలి, వేలితో పక్కకి నొక్కితే 3 మి.మీ. కంటే ఎక్కువ వంగకూడదు. వదులుగా ఉంటే మందం చెక్కలో కోత పొట్టలా ఉబ్బి, పై గీత సరిగ్గా ఉండి కింది గీత తప్పుతుంది.

సూదిలాంటి మలుపు ఎలా తిరగాలో చెబుతాను, ఎందుకంటే బ్లేడు మంచిదో కాదో అక్కడే బయటపడుతుంది. మావిడిపిందె డిజైన్‌లో మొన ఉంటుంది కదా, గీత మొన దాకా వచ్చాక ముందుకి నెట్టడం పూర్తిగా మానేయాలి, మిషన్ ఆపకూడదు. చెక్కని వెంట్రుకవాసి మీ వైపుకి లాగితే బ్లేడు నున్నటి వీపు కోతకి ఆనుతుంది, పళ్ళకి ఏమీ తగలదు. అలా ఆనించి ఉంచే చెక్కని చటుక్కున తిప్పేసి, కొత్త గీత మీదకి రాగానే మళ్ళీ మెల్లగా నెట్టాలి. 1 నంబరు బ్లేడుతో ఇది గాటు ఎక్కడ తిరిగిందో కనపడనంత శుభ్రంగా వస్తుంది. 5తో తిరిగితే అక్కడ చిన్న గుండ్రటి కన్నం మిగులుతుంది. బ్లేడు వీపు అంచుల్ని నడుస్తుండగా సానరాయితో ఒక్కసారి తాకిస్తే ఇంకా సులువుగా తిరుగుతుంది. లోపలి సందులు ముందు, అవీ మధ్యలోంచి అంచులకి, బయటి అంచు ఆఖరున కోయాలి, లేకపోతే చేత్తో పట్టుకోవడానికి గట్టి చోటు మిగలదు.

నరసాపురం లేసు డిజైన్లు చెక్కలో కోసివ్వమని అడుగుతున్నారు ఈమధ్య, 2024లో ఆ లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక ఇంకా ఎక్కువయ్యారు. చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి. కానీ లేసులో దారం ఎటు తిరిగినా బలమే, చెక్కలో అలా కాదు. నారకి అడ్డంగా వచ్చే సన్న కడ్డీ 3 మి.మీ. ఉంటే చేతిలోనే పుటుక్కుమంటుంది. అలాంటి డిజైను ప్లై కాని మామూలు చెక్కలో కోయమని ఎవరైనా పట్టుబడితే ఒప్పుకోకండి, పొర పొరకీ నార అడ్డం తిరిగి ఉండే మంచి ప్లైలో కోయండి. లోపల సందులున్న చౌక ప్లై కాదు, కోసేటప్పుడు ఆ సందులే బయటపడి అంచు పాడవుతుంది.

మన గోదావరి గాలికి బ్లేడు తుప్పు పట్టడం మామూలు. శ్రావణ భాద్రపదాల్లో కవరు విప్పి బల్ల మీద వదిలేస్తే వారంలో గోధుమరంగు మచ్చలొస్తాయి, సన్న బ్లేడు ఆ మచ్చ దగ్గరే తెగుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, బ్లేడ్లకి కుట్టు మిషను నూనె పలచగా రాసి ఉంచండి. వాడే ముందు రెండు కొసల నూనె తుడిచి ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దండి. క్లాంపులోంచి బ్లేడు జారిపోతోందనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఈ నూనే కారణం, కొత్త బ్లేడ్లకి కంపెనీ రాసిన నూనె కూడా ఉంటుంది.

కరెంటు సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కరెంటు పోయినప్పుడు స్విచ్ దానంతటదే ఆఫ్‌లో పడిపోయే రకం కాకపోతే, తిరిగి వచ్చినప్పుడు మిషన్ ఒక్కసారిగా ఆడుతుంది. ఆ సమయంలో మీ వేళ్ళు బ్లేడు దూరుస్తూ బల్ల కింద ఉండొచ్చు. మీ మిషన్‌కి అలాంటి స్విచ్ లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో నో వోల్ట్ స్విచ్ పెట్టించండి, లేదా బ్లేడు మార్చే ప్రతిసారీ ప్లగ్ లాగేయండి. నేను కాలితో నొక్కే స్విచ్ కూడా పెట్టించాను, రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయి.

మాస్కు లేకుండా ఎవరూ కోయకండి, ఇది ఉత్త మాట కాదు. చెక్క పొట్టు ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఈ మిషన్ పొట్టు జిగ్‌సా పొట్టులా కింద పడేది కాదు, పిండిలా గాలిలో తేలేది, పైగా మొహం కోతకి జానెడు దూరంలో ఉంటుంది. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో కలిపి నొక్కిన పలక) అయితే జిగురు ధూళి కూడా. ఎన్95 పెట్టుకుని, ఫ్యాను వెనక నుంచి కాకుండా పక్క నుంచి తగిలేలా పెట్టుకోండి.

ఇప్పుడు కొనేవాళ్ళు మిషన్ ఆర్డరు పెట్టిన రోజే బ్లేడ్లు కూడా విడిగా ఆర్డరు పెట్టేయండి, 3 నంబరు స్కిప్ టూత్ రెండు డజన్లు, 1 నంబరు రివర్స్ టూత్ ఒక డజను చాలు మొదటికి. మంచి బ్లేడ్లు మన జిల్లాల్లో షాపుల్లో నాకు ఎక్కడా కనపడలేదు, ఆన్‌లైన్‌లో డజను లెక్కన తెప్పించుకుంటే రవాణా ఖర్చే సగం అవుతుంది. గ్రోసు, అంటే 144 లెక్కన తీసుకుంటే ఒక్కోటి బాగా తక్కువ పడుతుంది గానీ అన్ని ఒక్కళ్ళు వాడేలోపు తుప్పు పడతాయి. రావులపాలెం, మండపేట, పాలకొల్లు వైపు ఈ పని చేసేవాళ్ళు నలుగురైదుగురు కలిస్తే నంబరుకో గ్రోసు తెప్పించి పంచుకోవచ్చు, నేను 3 నంబరులో మూడు డజన్లు తీసుకుంటాను.